వరిల గొట్టాలు చేసేది ఈగ, మొవ్వు కోసేది రెక్కల పురుగు అంటున్నరు. రెండింటికీ ఒకటే మందు పని చేయదా?

పాకాల_ఆయకట్టు
మూడెకరాల సాంబ మసూరి. నాట్లు ఆలస్యమైనయ్, ఆగస్టు ఇరవై దాటినంక పడ్డయ్. ఇప్పుడు నెల దాటింది. దుబ్బుకు రెండు మూడు పిలకలు ఉల్లికాడ లెక్క గుండ్రంగ, మెరుసుకుంట వస్తున్నయ్. మందుల షాపుకు ఒక పిలక పట్టుకపోతే ఆయన సరిగ్గ చూడకుండనే "మొగి పురుగు" అన్నడు. ఎకరానికి 60 మిల్లీలీటర్ల లెక్కన ఖరీదైన సీసా ఇచ్చిండు. కొట్టి పది రోజులైంది, గొట్టాలు ఇంకా పెరిగినయ్. నిన్న పక్క పొలం కాక వచ్చి "ఇది మొగి పురుగు గాదురా, ఉల్లికోడు. ఇది ఈగ, అది రెక్కల పురుగు" అన్నడు. రెండూ పిలక లోపలనే ఉంటయ్, రెండూ పిలకనే చంపుతయ్. ఈగైతే ఏంది, రెక్కల పురుగైతే ఏంది?

డెల్టా_దాళ్వా
తేడా ఉందండీ. మీరు షాపులో కట్టిన బిల్లంత తేడా ఉంది. ముందు ఒక పని చేయండి. ఆ పిలక మొవ్వు పట్టుకుని మెల్లగా పైకి లాగండి. చేతిలోకి ఊడొచ్చి, మొదట్లో కొరికినట్టుంటే కాండం తొలుచు పురుగు, అదే మీ మొగి పురుగు. ఊడకుండా లోపల బోలుగా ఉంటే ఉల్లికోడు.

ఒడ్డున_కొంగ
పిలక చూడకుండానే చెప్పాడంటే అది మందుల షాపు కాదన్నా, జాతకాల షాపు.

బీఎస్సీ_అగ్రి
మొవ్వు లాగి చూడమన్న మాట కరెక్టు. ఇంకొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఏటా బోలెడు మందు వృథా అవుతోంది.

ఉల్లికోడు తల్లి పురుగు చూడ్డానికి అచ్చం దోమ. మూడు నాలుగు మిల్లీమీటర్లు, పొడుగు కాళ్లు, ఆడదానికి ఎర్రటి పొట్ట. రెక్కలు రెండే, ఈగల జాతికి అదే గుర్తు. కాండం తొలుచు పురుగు తల్లికి నాలుగు రెక్కలు, వాటి మీద పొలుసులు. వేలితో పట్టుకుంటే పసుపు పొడి అంటుతుంది. ఆడదానికి ముందు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క, పొట్ట చివర పసుపు నూగు కుచ్చు.

అసలు తేడా పిల్లల్లో ఉంది. ఈగ పిల్లకు కాళ్లు లేవు, గట్టి దవడలు లేవు. కాండాన్ని తొలవడం దానికి చేతకాదు. గుడ్డులోంచి వచ్చాక ఆకు మీది తడిలో పాక్కుంటూ, ఆకు తొడుగుల సందులోంచి మొవ్వు అంకురం దాకా దిగుతుంది. అందుకే ముసురు పట్టిన రోజుల్లో ఉల్లికోడు ఎక్కువ. ఆకు ఆరిపోతే పిల్ల దారిలోనే చస్తుంది. అంకురం దగ్గర కూర్చుని ఏదో స్రవిస్తుంది. ఆ స్రావానికి మొక్క మోసపోయి, కంకి వేయాల్సిన పిలకను దానికి ఇల్లుగా కట్టిస్తుంది. మీరు చూస్తున్న గొట్టం ఆ ఇల్లే. రెక్కల పురుగు పిల్లకు ఈ మాయలేవీ తెలియవు. దానికి కాళ్లున్నాయి, దవడలున్నాయి. కాండానికి కన్నం పెట్టి దూరి, లోపల కోసుకుంటూ పోతుంది. మొవ్వు ఎండిపోతుంది.

మీకు ఇచ్చిన 60 మిల్లీలీటర్ల మందు క్లోరాంట్రానిలిప్రోల్ అయి ఉంటుంది. రెక్కల పురుగుల లద్దెల మీద, అంటే వాటి గొంగళి పిల్లల మీద అది మంచి మందే. మీ పొలంలో ఉన్నది లద్దె కాదు.

పాకాల_ఆయకట్టు
@బీఎస్సీ_అగ్రి సీసా మీద పేరు అదే ఉన్నదన్నా. పొద్దుగాల పోయి ఐదు గొట్టాలు చీల్చి చూసిన. మూడు ఖాళీ. గొట్టం కొనకు చిన్న తూటు, ఆ తూటులో పొట్టు లెక్క ఒకటి సగం బయటికి వచ్చి ఇరుక్కున్నది. ఒకదాంట్ల గులాబీ రంగు చిన్న పురుగు. ఇంకోదాంట్ల పురుగు ఒకటి ఉబ్బి ఉన్నది, గిచ్చితే లోపల నల్లగ చిన్న చిన్నయి మస్తు కనవడ్డయ్. మొవ్వులు లాగితే ఒక్కటి కూడ ఊడి రాలే.

డెల్టా_దాళ్వా
ఇంకేం, సందేహమే లేదు. ఉల్లికోడే.

బీఎస్సీ_అగ్రి
@పాకాల_ఆయకట్టు ఆ కొనలో ఇరుక్కున్న పొట్టు ఈగ విడిచిన తొడుగు. ప్యూపా, అంటే పిల్లకూ ఈగకూ మధ్య దశ, గొట్టం లోపలే పైకి పాకి, ముళ్లతో కొనను కోసి, సగం బయటికొచ్చి ఈగవుతుంది. అంటే ఆ మూడూ ఖాళీ ఇళ్లు. గొట్టం కంటికి కనపడిందంటే లోపలున్నది సామాను సర్దుకుంటోందని లెక్క. గుడ్డు నుంచి ఈగ దాకా మొత్తం మూడు వారాల పని.

ఐదోది మాత్రం మంచి వార్త. ఆ నల్ల చిన్నవి ప్లాటీగాస్టర్ అనే బుల్లి కందిరీగ పిల్లలు. తల్లి కందిరీగ ఈగ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, ఆ ఒక్క గుడ్డు లోపల చీలి చీలి బోలెడు పిల్లలవుతాయి. అవి ఈగ పిల్లను లోపలి నుంచి తినేస్తాయి. మీ పొలంలో అవి తిరుగుతున్నాయి. ఇప్పుడు మళ్లీ ఏదో ఒకటి కొడితే ముందు పోయేది అవే.

కాపు_వయసు_అరవై
ఈ చదువులన్నీ బాగానే ఉన్నాయి గానీ, గొట్టం కనపడగానే ఎకరాకు పది కిలోలు కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లుకోవాలి. మా నాన్న కాలం నుంచీ అదే చేస్తున్నాం. రెండు పురుగులకీ పని చేస్తుంది. ఈగ, రెక్కల పురుగు అంటూ కూర్చుంటే పంట పోతుంది.

నారుమడి_అక్క
పెద్దాయన చెప్పినదాన్లో సగం నిజం. గుళికలు రెండింటికీ పనికొస్తాయి, నేనూ వేస్తా. కానీ వేసేది నారుమడిలో. నారు పీకే వారం ముందు సెంటుకు 160 గ్రాములు, పలచగా నీళ్లు పెట్టి చల్లుతాం. ఆ నీళ్లు బయటికి వదలం, అందులోనే ఇంకిపోవాలి. నెల దాటిన పొలంలో గొట్టాలు చూసి చల్లితే, వెళ్లిపోయిన చుట్టాలకి వంట చేసినట్టే.

కాపు_వయసు_అరవై
@నారుమడి_అక్క అమ్మా, అన్ని గొట్టాలూ ఒకే రోజు రావు కదా. కొన్ని ఖాళీ అయినా ఇంకా గొట్టం కాని పిలకల్లో పిల్ల ఉంటుంది. దానికి పని చేస్తుంది. నేను చల్లిన ఏడు పంట బాగానే వచ్చింది.

బీఎస్సీ_అగ్రి
@కాపు_వయసు_అరవై ఆ మాట తీసిపారేసేది కాదు. పిలకలు వేసే దశలో, దుబ్బుల్లో 5 శాతం గొట్టాలు దాటకముందే చల్లితే కొంత ఆపుతుంది. కానీ ఈ అన్న పైరు నెల దాటింది. అంకురం పడిందంటే ఈగకు ఇక పని లేదు. కంకి అంకురం మొదలైన పిలకను ఉల్లికోడు ఏమీ చేయలేదు. మీరు చల్లిన ఏడు పంట బాగా రావడానికి గుళికలు కారణమో, పైరు వయసు కారణమో ఎవరు చెప్పగలరు?

కాపు_వయసు_అరవై
నేను చెప్పగలను. గుళికలే.

ఒడ్డున_కొంగ
ఈ దెబ్బకి దండం. పెద్దాయనకే నా ఓటు.

నాగావళి_గట్టు
మా శ్రీకాకుళం కథ ఒకటి చెప్పాలి. ఈగకు, రెక్కల పురుగుకు మధ్య అసలైన తేడా మందులో లేదు, విత్తనంలో ఉంది. ఉల్లికోడును తట్టుకునే విత్తనం ఉంది. కాండం తొలుచు పురుగును నిజంగా తట్టుకునే వరి ఇంతవరకూ రాలేదు. కొంచెం తట్టుకుంటుంది అనేవే తప్ప దాని ముందు గట్టిగా నిలబడిందేదీ లేదు.

ఎందుకంటే, పైన చెప్పినట్టు, ఈగ పిల్ల మొక్క చేత ఇల్లు కట్టించుకోవాలి. మొక్క ఒప్పుకోకపోతే దానికి బతుకు లేదు. తట్టుకునే చాలా రకాల్లో పిల్ల చేరిన చోట కణాలు తమంతట తామే చచ్చి దాన్ని ఎండగడతాయి, పిల్ల ఆకలితో పోతుంది. రెక్కల పురుగుకు మొక్క ఒప్పుకోలుతో పని లేదు. తలుపు పగలగొట్టే దొంగను తాళం మార్చి ఆపలేం.

వరంగల్‌లో మన పాత దేశవాళీ రకం ఈశ్వరకోరను ఎంటీయూ 15 అనే రకంతో కలిపి డబ్ల్యూ 1263 చేశారు. ఉల్లికోడును తట్టుకునే కొత్త రకాలు పుట్టించడానికి దేశమంతా వాడిన తల్లి రకాల్లో అది ఒకటి. తర్వాత సియాం 29 అనే రకం నుంచి ఫల్గుణ, సురేఖ లాంటివి వచ్చాయి. మా నాన్న ఫల్గుణ వేసిన మొదటి ఏళ్లలో పొలంలో గొట్టం అన్న మాటే లేదు. 1980ల రెండో సగంలో మా జిల్లాలో, విజయనగరంలో అదే ఫల్గుణ నిండా గొట్టాలు. విత్తనం కల్తీ అని మా వాళ్లు అమ్మినవాడి మీద గొడవకు పోయారు. విత్తనం బాగానే ఉంది. ఈగ మారింది. ఆ కొత్త ఈగను ఇప్పుడు నాలుగో బయోటైపు అంటారు.

పాకాల_ఆయకట్టు
బయోటైపు అంటే ఏందన్నా? కొత్త జాతా?

నాగావళి_గట్టు
జాతి అదే. చూపుకు తేడా తెలీదు. ఏ విత్తనాన్ని మోసం చేయగలదు, ఏది చేయలేదు అన్నదాన్ని బట్టి పెట్టిన నంబరు. మన దేశంలో ఇలాంటివి ఏడు గుర్తించారు. మాది 4. జగిత్యాలలో 3. మీ వరంగల్‌లో 4ఎం అని ఇంకోటి ఉంది, అది 4 కంటే మొండిది. అందుకే జగిత్యాలలో నిలబడిన విత్తనం మాకాడ నిలబడాలని లేదు. ఇంకో జిల్లా రైతు "ఈ రకానికి ఉల్లికోడు రాదు" అంటే వినండి గానీ, మీ పక్క పొలంలో వేసినవాణ్ని కూడా అడగండి.

డెల్టా_దాళ్వా
ఇది చాలామందికి తెలియని సంగతండీ. మా గోదావరి జిల్లాల్లో ఉల్లికోడు గొడవ తక్కువ, అదీ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఆలస్యంగా నాటిన చోట. మాకు దాళ్వాలో, అంటే రెండో పంటలో, చంపేది రెక్కల పురుగే. పొట్ట మీదకు వచ్చిన పైరు, రేపో మాపో ఈనుతుందనగా చూస్తే గింజ లేని తెల్లకంకులు. గొట్టం వస్తే దుబ్బు పక్కన ఇంకో పిలకైనా వేస్తుంది. తెల్లకంకి వచ్చాక ఏం చేస్తాం, ఎదురుగా నిలబడి లెక్కపెట్టుకోవడమే.

సిటీకొచ్చిన_సాంబయ్య
నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఐటీ. ఇంటికెళ్తే మా బాబాయ్ "దోమ పట్టింది" అంటాడు. పైన ఉల్లికోడు దోమలా ఉంటుందన్నారు కదా, రెండూ ఒకటేనా?

నారుమడి_అక్క
అయ్యో తమ్ముడూ! మీ బాబాయ్ అన్నది సుడిదోమ. అది దోమ కాదు, ఈగ కాదు, రెక్కల పురుగూ కాదు. దుబ్బు మొదట్లో కూర్చుని రసం పీల్చేది. పత్తిలో తెల్లదోమ ఉంటుంది, అదీ దోమ కాదు. నిజంగా దోమకు చుట్టమైనది ఉల్లికోడు ఒక్కటే. దాన్ని మాత్రం మనం కోడు అంటాం.

ఒడ్డున_కొంగ
మా బావమరిది పెళ్లైన కొత్తలో "పొలంలో ఉల్లికోడు ఎక్కువైంది" అంటే "వండేద్దాం బావా, ఎన్ని కిలోలుంటుంది" అన్నాడు.

బీఎస్సీ_అగ్రి
@సిటీకొచ్చిన_సాంబయ్య సుడిదోమకు కొట్టే మందు ఈ రెండింటికీ వేరు. మీ బాబాయ్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు "దోమ" అంటే దుబ్బు మొదట్లోదా, గొట్టాలు చేసేదా అని అడగండి. దీపం దగ్గరికి ఈగా వస్తుంది, రెక్కల పురుగూ వస్తుంది. దీపపు ఎర పెడితే రెండింటి లెక్కా తెలుస్తుంది.

మానేరు_ఎడమ
లింగాకర్షక బుట్టలు పెట్టినా ఈగలు పడతయా? మా ఊర్లె పోయిన యాసంగిల పంచిండ్రు.

డెల్టా_దాళ్వా
పడవండి. ఆ బుట్టలో ఎర పసుపు రెక్కల పురుగు ఆడవాసన. పడేది వాటిలో మగవే. ఉనికి తెలుసుకోవడానికైతే ఎకరాకు మూడో నాలుగో, మూకుమ్మడిగా పట్టాలంటే ఎనిమిది. వారానికి బుట్టకు 25-30 పడుతుంటే మందు ఆలోచించాలి. ఒక్కటీ పడలేదని మురిసిపోయి, ఆ పక్కనే గొట్టాలు వచ్చినవాళ్లని చూశాను. బుట్టకు ఈగతో సంబంధమే లేదు.

ఒడ్డున_కొంగ
ఆడవాసనకి మోసపోయి బుట్టలో పడే మగ పురుగు గురించి ఇంకేమీ అనను. మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతుంది.

నారుమడి_అక్క
నాట్లేసే మాకు తెలిసిన తేడా ఇంకోటి ఉంది. రెక్కల పురుగు గుడ్లు నారు ఆకుల కొనల దగ్గర కుప్పగా పెట్టి, తన పొట్ట నూగుతో కప్పుతుంది. చూస్తే ఆకుకు చిన్న పసుపు దూది ముక్క అంటుకున్నట్టు ఉంటుంది. అందుకే కట్టలు కట్టేటప్పుడు కొనలు తుంచి నాటేవాళ్లం. కుప్పలు కుప్పలుగా గుడ్లు అక్కడే పోయేవి. ఈగ గుడ్లకు ఈ చిట్కా పని చేయదు. అది కొనలో కుప్పగా పెట్టదు, ఒకటీ రెండూ అక్కడక్కడా ఆకు అడుగున, మొదలు వైపు పెడుతుంది. ఇప్పుడు కొనలు తుంచమంటే ఎవరూ తుంచట్లేదు. కూలి లెక్క ఎకరాకు ముఠా మాట్లాడుకుంటారు, తుంచడానికి పట్టే గంట ఎవరిస్తారు? వెదజల్లిన వరికి అసలు కట్టే లేదు.

కాపు_వయసు_అరవై
ఇదైతే నూటికి నూరుపాళ్లు నిజం. కొనలు తుంచడం మానేశాకే తెల్లకంకి పెరిగింది.

మానేరు_ఎడమ
తుంచుడు మానినందుకు కాదు, హార్వెస్టర్లు వచ్చినందుకు అంటా నేను. చేత్తోని కోసినప్పుడు నేలకు ఆనిచ్చి కోసేది. ఇప్పుడు మిషిను జానెడు కొయ్యకాళ్లు వదుల్తది. మొగి పురుగు లద్దె అండ్లనే ముడుచుకొని పండుకుంటది. కోసినంక దున్ని నీళ్లు కడితే సస్తది, ఎవ్వరు దున్నరు, నిప్పు పెడుతరు. దాని మీదికెల్లి యూరియా బస్తాలు బస్తాలు.

కాపు_వయసు_అరవై
రెండూ నిజమే కావచ్చు లే.

బీఎస్సీ_అగ్రి
పెద్దాయన ఒప్పుకోవడం నేను స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

కొత్త_కౌలు
నా ప్రశ్న కూడా ఇందులోనే అడుగుతా. నాకు తెల్లకంకులు వచ్చాయి, కానీ పక్కాయన అది మెడవిరుపు అంటున్నాడు. పొలం చూడ్డానికి ఏ సారూ రాలేదు.

డెల్టా_దాళ్వా
కంకి పట్టుకుని లాగండి. సులువుగా ఊడొచ్చి, మొదట్లో కొరికిన గుర్తు, పిప్పి లాంటి రెట్ట కనిపిస్తే పురుగు. ఊడకుండా మెడ దగ్గర నల్లబడి విరిగితే అగ్గి తెగులు తాలూకు మెడవిరుపు. ఏదైనా సరే, కంకి తెల్లబడ్డాక మందు కొట్టకండి. కొట్టాల్సింది చిరుపొట్ట దశలో, కంకి ఇంకా కాండం లోపల ఉండగానే. ఈ ఏడాదికి ఆ డబ్బు మిగుల్చుకోండి.

మానేరు_ఎడమ
@కొత్త_కౌలు ఎలుకలు కొట్టినా కంకి తెల్లవడ్తది. కాండం అడ్డంగ, ఏటవాలుగ తెగి ఉంటది. అదీ చూస్కో.

పాకాల_ఆయకట్టు
మళ్ల వచ్చిన. ఇప్పుడు ఇరవై దుబ్బులు అక్కడక్కడ లెక్కపెట్టిన. మొత్తం 260 పిలకలు, గొట్టాలు 31. అంటే నూటికి పన్నెండు. మస్తుందా? కొన్ని దుబ్బులు కొత్త పిలకలు వేసినయ్, సన్నగ. ఇంకా ఏమన్న కొట్టాల్నా?

బీఎస్సీ_అగ్రి
ఎక్కువే. 5 శాతం దాటితే నష్టం కిందే లెక్క. కానీ ఇప్పుడు కొట్టడం వల్ల ఆ 31 వెనక్కి రావు. కాండం ఒకటి చీల్చి అంకురం పడిందా చూడండి. పడితే ఈగ సంగతి మర్చిపోండి. కొత్త సన్న పిలకలు చూసి యూరియా దంచకండి, అవి ఆలస్యంగా ఈని తాలు తప్ప గింజ ఇవ్వవు. పైగా ఆ యూరియాకే రెండో ఆయన వస్తాడు, నాలుగు రెక్కలాయన. పొట్ట దశ దాకా పొలం గట్టు మీద తిరుగుతూ ఉండండి. చదరపు మీటరుకు ఒక గుడ్ల కుప్పో, ఒక రెక్కల పురుగో కనపడితే అప్పుడు మీ దగ్గర మిగిలిన సీసా పనికొస్తుంది.

పాకాల_ఆయకట్టు
మిగిలింది ఏం లేదన్నా, మూడెకరాలకు మొత్తం కొట్టిన.

ఒడ్డున_కొంగ
ఈ ఒక్క లైను చదివి నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

నాగావళి_గట్టు
@పాకాల_ఆయకట్టు వచ్చే వానాకాలానికి రెండు మాటలు. సాంబ మసూరికి ఉల్లికోడు అంటే చుట్టరికం, అది తట్టుకోదు. సన్నాలే కావాలంటే దాని నుంచే పుట్టిన జగిత్యాల సన్నాలు, అంటే జేజీఎల్ 1798, ఉల్లికోడును తట్టుకునేదని విడుదల చేశారు. మీ వరంగల్ ఈగ మొండిది కాబట్టి మీ ఊర్లో ఎవరైనా వేశారేమో చూసి వేయండి. రెండోది, నాట్లు. సాంబ లాంటి దీర్ఘకాలిక రకం ఆగస్టు చివర్లో నాటితే ముసురు రోజుల్లో లేత పిలకలుంటాయి, ఈగకు పండగ.

పాకాల_ఆయకట్టు
కాలువ నీళ్లు ఆగస్టుల గానీ రాలేదన్నా. నాట్లు ముందు వెయ్యాలంటే నీళ్లు నేనెక్కడికెల్లి తేవాలె?

నాగావళి_గట్టు
అదీ నిజమే. అయితే విత్తనం మార్చడమే మీ చేతిలో ఉంది.

మానేరు_ఎడమ
నీళ్లు ఆలస్యమైతే కాలం తక్కువ పట్టే రకం వెయ్, సాంబ వెయ్యకు. నేను అట్లనే చేస్తున్న.

నారుమడి_అక్క
గట్ల మీద గడ్డి, చెరువు దగ్గర అడవి వరి ఉంటే అవీ కోసేయండి. పంట లేని రోజుల్లో ఈగ అక్కడే బతుకుతుంది. కోత తర్వాత కొయ్యకాళ్లకు వచ్చే పిలకల్లో కూడా.

కాపు_వయసు_అరవై
ఫోరేట్ గుళికలు ఉండేవి. వాటితో ఈ గొడవే ఉండేది కాదు.

బీఎస్సీ_అగ్రి
@కాపు_వయసు_అరవై 2020 చివరితో అవి నిషేధం అయ్యాయి. ఎక్కడైనా పాత బస్తా దొరికినా ముట్టుకోకండి.

కాపు_వయసు_అరవై
దొరకదు లే. అయిపోయింది.

పాకాల_ఆయకట్టు
కాండం చీల్చిన. అంకురం ఇంకా పడలే అనిపిస్తుంది, కానీ నాకు సరిగ్గ గుర్తువట్టుడు రాదు. ఫొటో పెడుతున్న, చూసి చెప్పుండ్రి. ఆ ఉబ్బిన పురుగు ఉన్న గొట్టాలు ఇంకో నాలుగు దొరికినయ్. చీల్చకుండ పొలంలనే వదిలేసిన.

బీఎస్సీ_అగ్రి
ఫొటో మసగ్గా ఉంది. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి ఇంకోటి తీయండి. కాండం మొదలు దగ్గర నుంచి చీల్చండి, పై నుంచి కాదు.